బడి చూడటానికి ముగ్గురు

ఆ పొద్దున మోటార్ల మేస్త్రి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. కూతుర్ని తీసుకుని మొదటి బస్సుకి పట్నం పోవాలి. పిల్లల్ని పెద్ద కాలేజీలకి తయారుచేసి పంపుతుందని పేరుపడ్డ కొండవాలు మీది ప్రైవేటు బడిని, వాళ్ళు చూపించినంత మేరా చూడాలి. మధ్యాహ్నానికి వెనక్కి వచ్చి, పిండిమర వాళ్ళ మోటారుకి సగంలో ఆపిన రాగితీగ చుట్టడం పూర్తిచెయ్యాలి. ఇందులో నోరు విప్పాల్సిన పని ఒక్కటీ లేదు. అందుకే ఆయనకి ఆ పథకం నచ్చింది.

మేస్త్రికి మాటలు రాక కాదు, వాడకం లేక తుప్పు పట్టాయి. పెళ్ళైన నాటినుంచీ ఆ ఇంట్లో మాట్లాడే పని భార్యది. ఎవరేమడిగినా ఆయన "ఊఁ" అనేవాడు. ఆ ఊఁకి అర్థం ఆవిడ చెప్పేది. "ఎల్లుండికి ఇస్తానంటున్నాడు" అనో, "ఆయనకి మీ మోటారు మీద ఆశ లేదండీ, కొత్తది చూసుకోండి" అనో. అంత చిన్న ఊఁలోంచి అంత సంగతి ఎలా తీసేదో మేస్త్రికే అంతుబట్టేది కాదు. కానీ తీసిందెప్పుడూ సరిగ్గానే ఉండేది.

ఆవిడ చనిపోయి ఏడాది కావస్తోంది. జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మనిషి తిరిగి నడిచి రాలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి కనక, దాన్ని నోటితో చెప్పాల్సిన అవసరం మేస్త్రికి రాలేదు. తెలిసినవాళ్ళు కనక వాళ్ళూ ఆవిడ ఊసెత్తేవారు కారు. ఆయన కనబడితే వానల గురించి, బేరింగుల గురించి నాలుగు ముక్కలు మాట్లాడి, చెప్పుల వంక చూసుకుంటూ వెళ్ళిపోయేవారు.

మిగిలింది కూతురు. ఇంట్లో అమ్మడు అంటారు. ఊఁకి అర్థం చెప్పే ఉద్యోగం ఇప్పుడు ఆ పిల్లది. తల్లి ఉన్నన్నాళ్ళూ "దీన్ని ఆ కొండమీది బళ్ళో వేసి తీరాలి" అని పోరింది. అమ్మడు పరీక్ష రాసి నెగ్గింది. ఇంక బడి చూసి సరేననడమే తరువాయి. కాకపోతే అది అక్కడే ఉండి చదివే బడి. అమ్మడు వెళితే ఇంట్లో మిగిలేది మేస్త్రి, నాలుగు మోటార్లు. భార్య మాట కాదనలేడు, పిల్ల ముచ్చట చెడగొట్టలేడు. లోలోపల మాత్రం ఒక దొంగ కోరిక ఉంది: ఆ బడి పిల్లకి నచ్చకపోతే బాగుండును.

"నాన్నా, అక్కడెవరేమడిగినా నేను చెబుతాలే. నువ్వు కంగారుపడకు," అంది అమ్మడు బస్సు దిగుతూ.

"ఊఁ," అన్నాడు మేస్త్రి.

తీరా బడి గేటు దగ్గరికి వచ్చేసరికి అమ్మడు బూటు తాడు ఊడింది. అది ముడేసుకోవడానికి వెనకాల ఆగిపోయింది. గేటు పక్క గదిలోంచి వాచ్‌మన్ తల బయట పెట్టి, "ఎంతమంది?" అన్నాడు.

"ముగ్గురం," అన్నాడు మేస్త్రి.

అది అబద్ధం కాదు, అలవాటు. హోటల్లో బల్ల దగ్గరైనా, ఆసుపత్రి బెంచీ దగ్గరైనా ఆ మాట అడిగితే ఆయన నోరు తనంతట తానే ముగ్గురమనేది. ఆయనకి సొంతంగా వచ్చిన కొద్ది మాటల్లో అదొకటి. ఆ పొద్దున బస్సు టిక్కెట్లు అమ్మడు తీసింది కనక ప్రమాదం గేటు దాకా వాయిదా పడింది.

వాచ్‌మన్ మెడలో వేసుకునే కార్డులు మూడు తీసి చేతిలో పెట్టాడు. "మూడోవారేరీ?"

మేస్త్రి చేతిలోని కార్డుల వంక చూశాడు. చెప్పాల్సిన వాక్యం చిన్నదే, గొంతు దాకా వచ్చింది కూడా. ఈలోగా వెనకనుంచి ఒక కారు హారన్ మోగించింది.

"వెనక వస్తున్నారా?" అన్నాడు వాచ్‌మన్, కారు వంక చూస్తూ.

"ఊఁ," అన్నాడు మేస్త్రి.

అమ్మడు వచ్చి తండ్రి చేతిలో మూడు కార్డులు చూసింది. నోరు తెరిచింది. తండ్రి ముఖం చూసి మూసేసింది.

లోపల బడి చూపించే టీచరమ్మ ఎదురొచ్చింది. చేతిలో చిన్న మైకు, ముఖం నిండా నవ్వు. కారులో వచ్చిన లాయరుగారూ, ఆయన భార్యా అప్పటికే ఆవిడ పక్కన నిలబడ్డారు. వాళ్ళబ్బాయి బడి చూడనని కారులోనే కూర్చున్నాడు.

"మా బడికో పద్ధతుందండీ," అంది టీచరమ్మ. "తల్లీ తండ్రీ ఇద్దరూ ఆవరణంతా కళ్ళారా చూడాలి. ఒకరు చూసి ఇంకొకరికి చెబుతామంటే మా ప్రిన్సిపాలుగారు ఒప్పుకోరు. తరవాత ఇళ్ళల్లో గొడవలొస్తాయి. ఏం సార్, అమ్మగారేరీ? బాత్రూమ్‌కి వెళ్ళారా?"

"ఊఁ," అన్నాడు మేస్త్రి. అనకూడదనుకుంటూనే అన్నాడు.

ఇలాంటప్పుడు అందుకుని సర్దిచెప్పాల్సింది అమ్మడు. ఆ పిల్ల బూటు మొనతో కంకరరాయిని దొర్లిస్తూ నిలబడింది.

కాసేపు ఆగారు. టీచరమ్మ పూలకుండీల చరిత్ర చెప్పింది. ఇంకాసేపు ఆగారు. గంట మోగే స్తంభం చరిత్ర చెప్పింది. లాయరుగారు రెండుసార్లు వాచీ చూసుకుని, మూడోసారి అందరికీ కనబడేలా చూసుకున్నారు. టీచరమ్మ ఆయాని బాత్రూమ్‌కి పంపింది.

ఆయా పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఒక తలుపు లోపల్నుంచి బిగుసుకుందమ్మా. ఎంత కొట్టినా పలకడం లేదు."

"అయ్యో, పడిపోయారేమో!" అంది లాయరుగారి భార్య గుండెమీద చెయ్యేసుకుని.

మేస్త్రి చెయ్యెత్తాడు. ఆపడానికే ఎత్తాడు గానీ, త్వరగా కానివ్వమన్నాడనుకున్నారు. వడ్రంగి వచ్చి తలుపు కమ్ముల్లోంచి పగలగొట్టాడు. లోపలినుంచి చీపుర్లు, తుడుపు కర్రలు, ఒక బకెట్టు బయటికి దొర్లి వచ్చాయి. మనిషి లేదు.

"ఇదేం బడండీ?" అన్నారు లాయరుగారు, కోర్టులో లేచినట్టు. "మనిషి లోపలికొచ్చిందని గేటు దగ్గర కార్డిచ్చారు. లోపల చూస్తే మనిషి లేదు. రేపు మావాడు ఇలాగే మాయమైతే నేనెవర్ని అడగాలి?"

ఆ మాట ప్రిన్సిపాలమ్మ చెవిన పడింది. ఆవిడ పొట్టి మనిషి. మేడ మెట్లు దిగి వస్తుంటే దారిలో వాళ్ళంతా ఆవిడకంటే పొట్టిగా మారిపోయారు. నేరుగా మేస్త్రి దగ్గరికి వచ్చింది.

"మీరేం భయపడకండి. ఈ ఆవరణలో గొడుగు పోయినా దొరుకుతుంది, మనిషి దొరకదా? చెప్పండి. ఆవిడ ఎలా ఉంటారు?"

"అమ్మా, ఆవిడ..." అన్నాడు మేస్త్రి.

తరవాతి మాట ఏమిటో ఆయనకి తెలుసు. కానీ ప్రిన్సిపాలమ్మ ముఖం ముందుకు పెట్టి వింటోంది. ఆవిడ ఎలా ఉంటుందని ఏడాదిగా ఆయన్ని ఎవరూ అడగలేదు. అడుగుతారని ఆయనా అనుకోలేదు.

"పొడుగు కాదండి. నా భుజం దాకా వస్తుంది," అన్నాడు.

"ఊఁ, ఇంకా?" అంది ప్రిన్సిపాలమ్మ. ఆ ఊఁ వినడానికి ఎంత హాయిగా ఉంటుందో మేస్త్రికి అప్పుడే తెలిసింది.

"నడక తొందరండి. ఎక్కడికెళ్ళినా నాకంటే ముందుంటుంది. కాస్త దూరం పోయాక ఆగి, వెనక్కి తిరిగి, 'వస్తున్నావా, అక్కడే పాతుకుపోయావా' అంటుంది. నేను వస్తున్నట్టు కనబడుతున్నా అంటుంది. నీలం ఉన్ని శాలువా. ఒక అంచు కాలింది, మా టంకం కడ్డీ తగిలి. ఇంకోటి కొనుక్కోమంటే 'దీనికేం, రెండో అంచు బాగానే ఉందిగా' అంటుంది. నవ్వొస్తే ముందు కళ్ళు మూసుకుంటుందండి, తరవాత నవ్వుతుంది. కొత్త ఇంటికెళితే కిటికీలు వేసి తీసి చూస్తుంది. వంటింట్లోకి అడక్కుండా వెళ్ళిపోతుంది. ఎవరెదురైనా ముందు 'తిన్నావా' అంటుంది. తగువు పెట్టుకోవడానికి వెళ్ళినా ముందు అదడిగి, తరవాత తగువు పెట్టుకుంటుంది. పాట పాడుతుంది గానీ మొదటి ముక్కే వచ్చు, దాన్నే తిప్పి తిప్పి..."

చాలాసేపు చెప్పాడు. టీచరమ్మ రాసుకుంటోంది. అమ్మడు కళ్ళు పెద్దవి చేసుకుని, ఈ మనిషిని ఎక్కడో చూశానే అన్నట్టు తండ్రినే చూస్తోంది. లాయరుగారి భార్య కళ్ళు తుడుచుకుంది.

"ఎంత ప్రేమండీ ఈయనకి! ఏమండీ, నేను తప్పిపోతే మీరేం చెబుతారు?"

"ఎత్తు, బరువు చెబుతాను," అన్నారు లాయరుగారు.

"బరువెందుకూ?"

గేట్లు మూయించారు. స్తంభాలకి కట్టిన మైకుల్లోంచి టీచరమ్మ గొంతు ఆవరణంతా పరుచుకుంది. "అందరూ గమనించగలరు. ఒక తల్లిగారు తప్పిపోయారు. ఎత్తు, భర్తగారి భుజం వరకు. భర్తగారు ఆఫీసు ముందే నిలబడి ఉన్నారు, కావలసినవారు వచ్చి కొలత చూసుకోవచ్చు. శాలువా నీలం, ఒక అంచు కాలినది. రెండో అంచు బాగానే ఉన్నది. నవ్వునప్పుడు ముందుగా కళ్ళు మూసుకొందురు. ఎదురైనవారిని తిన్నారా అని అడుగుదురు. కిటికీలు తీసి చూచెదరు..."

మేస్త్రి తలెత్తి విన్నాడు. ఊళ్ళో ఒక్క మనిషి కూడా తలవని ఆవిడ సంగతి ఇక్కడ మేడల మీంచీ చెట్ల మీంచీ వినబడుతోంది. ప్రకటన అయిపోయాక, ఇంకోసారి చదివితే బాగుండుననిపించింది ఆయనకి. చదివారు కూడా.

అక్కడినుంచి కథ మేస్త్రి చేతుల్లోంచి జారిపోయింది. ప్రిన్సిపాలమ్మకి పనివాళ్ళంతా భయపడతారు. తమ ముందునుంచి ఒక మనిషి వెళ్ళిపోతే చూడలేదని చెప్పడం కన్నా, చూశామని చెప్పడం క్షేమమని ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. ముందు కబురు వంటశాలనుంచి వచ్చింది. అందరూ అటు పరుగెత్తారు.

"వచ్చారండీ," అన్నాడు పెద్ద వంటాయన, గరిట పట్టుకుని నిటారుగా నిలబడి. "నన్ను తిన్నావా అని అడిగారు. మూత తీసి, అడుగుదాకా కలిపి, 'కూర మాడింది' అన్నారు. నేను చూసుకునే లోపల వెళ్ళిపోయారు."

మేస్త్రి వంగి గిన్నె వాసన చూశాడు. కూర మాడింది. ఆవిడైతే ఆ మాట అనే ఉండేది.

"ఇటు లైబ్రరీలోకి వెళ్ళారట!" అన్నారెవరో. అందరూ అటు.

లైబ్రరీ ఆయన చెంప మీద పుస్తకం అంచు ముద్ర ఇంకా ఎర్రగా ఉంది. "వచ్చారు మేడం. నేను కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నాను. కదిలించడమెందుకని అలికిడి లేకుండా చూసి వెళ్ళారు. చాలా మర్యాదస్తురాలు."

"అయితే ఆవిడ కాదండి," అన్నాడు మేస్త్రి వెంటనే. "ఆవిడైతే లేపేది."

ఆ మాట ఎంత ధీమాగా అన్నాడంటే, వంటశాలకి వచ్చింది మాత్రం ఆవిడేనని అందరికీ నమ్మకం కుదిరిపోయింది. మేస్త్రికి మతి పోలేదు. ఆవిడ ఎక్కడుందో, తన చేతుల మీదుగా ఏం జరిగిందో ఆయనకి బాగా గుర్తుంది. అయినా లైబ్రరీ తలుపు తెరిచినప్పుడు అందరికంటే ముందు మెడ చాచి లోపలికి తొంగి చూసింది ఆయనే. అది ఆయనకే వింతగా ఉంది. ఇంకో తలుపు తెరిస్తే బాగుండునని కూడా ఉంది.

ఆ తలుపు ఆడపిల్లల వసతిగృహానిది. వార్డెనమ్మ మెట్ల మీదే ఎదురొచ్చి అందర్నీ పై గదిలోకి తీసుకెళ్ళింది. మైకు ఆవిడ కిటికీ పక్కనే ఉండటం వల్ల ఆవిడకి సంగతులన్నీ కంఠతా వచ్చేశాయి.

"ఇప్పుడే ఇప్పుడే వెళ్ళారండీ! నీలం శాలువా. అంచు కాలింది, నేను కళ్ళారా చూశాను. కిటికీలన్నీ వేసి తీసి చూశారు. ఇదిగో, ఈ గడియ వదులుగా ఉందని నన్ను కేకలేశారు కూడానూ. నవ్వుతూనే కేకలేశారు, కళ్ళు మూసుకుని."

మేస్త్రి ఆ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గడియ నిజంగానే వదులుగా ఉంది. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి బిగించాడు. ఎవరూ ఆపలేదు. తప్పిపోయిన భార్య కోసం మొగుడు అలాంటి పని చెయ్యడం వాళ్ళకి సబబుగానే తోచింది.

"అమ్మాయికి ఈ మంచమే ఇద్దామనుకున్నామండీ," అంది వార్డెనమ్మ గొంతు తగ్గించి.

సన్నటి ఇనుప మంచం. మడతపెట్టిన బూడిద రంగు కంబళి. గోడకి ఒక మేకు, దానికేమీ తగిలించి లేదు. మేస్త్రి పరుపు నొక్కి చూశాడు. పలచన. ఇంట్లో అమ్మడు మంచం ఆయన పనిబల్లకి ఆనుకుని ఉంటుంది. మోటారు పరీక్షిస్తుంటే ఆ మోతకి పిల్ల ఇంకా బాగా నిద్రపోతుంది. ఇక్కడి నిశ్శబ్దంలో దీనికి నిద్రెలా పడుతుందో అనుకున్నాడు. ఆ వెంటనే, దీని మంచం ఖాళీ అయితే తనకెలా పడుతుందో అన్న ఆలోచన వచ్చి పక్కన కూర్చుంది. అమ్మడు ఎదుటి మంచం మీద కూర్చుని, కంబళి అంచుని వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"అమ్మడూ," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

చెప్పేద్దాం, ఇంక చాలు అందామనే పిలిచాడు. అప్పుడే కిటికీ కిందనుంచి వాచ్‌మన్ కేక వినబడింది. "అమ్మా! చెప్పు దొరికింది! కొలను గట్టు మీద!"

వార్డెనమ్మ ఒక్క కేక పెట్టి మంచం మీద కూలబడింది.

ఆడమనిషి చెప్పు, ఒక్కటే. కొలను పక్కన సిమెంటు బెంచీ కింద బోర్లా పడి ఉంది. కొలను పెద్దది కాదు గానీ నీళ్ళు పచ్చగా, అడుగు కనబడకుండా ఉన్నాయి. ప్రిన్సిపాలమ్మ ముఖంలో నెత్తురు లేదు. లాయరుగారి భార్య అందరికంటే ముందుకు తోసుకొచ్చి, "నేను పొద్దుటే అనుకున్నానండీ, నా కుడి కన్ను అదిరింది," అని ఏడవడం మొదలుపెట్టింది.

"మోటారు వెయ్యండి! నీళ్ళు తోడించండి!" అంది ప్రిన్సిపాలమ్మ.

వాచ్‌మన్ స్విచ్చి వేశాడు. గట్టు మీది మోటారు గుర్రుమంది గానీ నీళ్ళు లాగలేదు. మళ్ళీ వేశాడు, మళ్ళీ గుర్రు. నలుగురు నాలుగు మాటలు చెబుతున్నారు. వంటాయన దాన్ని గరిటతో ఒకటి కొట్టాడు.

మేస్త్రి జీవితంలో ఉత్తినే గుర్రుమనే మోటారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ రోజు లేదు. తనేం చేస్తున్నాడో తెలిసే లోపలే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొట్టంలో గాలి పట్టింది, అంతే. బిరడా విప్పి, బకెట్టుతో నీళ్ళు పోసి, బుడగలు ఆగేదాకా చూసి, మూత బిగించి, "ఇప్పుడు వెయ్యండి," అన్నాడు. మోటారు అందుకుంది. గొట్టం లావెక్కి, అవతలి పచ్చికలోకి నీళ్ళు దబదబా పోశాయి. పని కుదిరినప్పుడల్లా ఆయన ముఖంలో వచ్చే చిన్న వెలుగు ఒకటుంది. అది వచ్చింది.

నీటి అంచు గట్టు రాళ్ళమీంచి నెమ్మదిగా దిగుతోంది. అందరూ నీళ్ళలోకి చూస్తున్నారు. అప్పుడు ఆయనకి తెలిసింది తను ఎవరికోసం తోడుతున్నాడో. ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఆ నీళ్ళలో ఎవరూ లేరని అక్కడ ఆయనకీ అమ్మడికీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిసినా ఆయన నీళ్ళవైపు చూడలేకపోయాడు. ముఖం తిప్పుకుని మోటారు మీద చెయ్యి వేశాడు. వేడెక్కుతోంది.

అమ్మడు పక్కన వచ్చి కూర్చుంది. "నాన్నా, ఆపెయ్యి. మనం చెప్పేద్దాం. నేను చెప్పనా?"

"వద్దు," అన్నాడు మేస్త్రి. "నేను చెబుతా."

స్విచ్చి ఆపాడు. ఆ నిశ్శబ్దానికి అందరూ ఇటు తిరిగారు. ఆయన లేచి, చేతులు చొక్కాకి తుడుచుకుని, ప్రిన్సిపాలమ్మ ముందు నిలబడ్డాడు.

"ఆవిడ చనిపోయిందండి. ఏడాది కావస్తోంది. ఆసుపత్రిలో, జ్వరంతో. ఇక్కడికి వచ్చింది మేమిద్దరమే."

నీళ్ళు తగ్గి బయటపడ్డ బురదలో చేపలు టపటప కొట్టుకుంటున్నాయి. లాయరుగారి భార్య ఏడుపు మధ్యలో ఆపి, ఇప్పుడు ఏడవాలో మానాలో తెలియక, ఒంటికాలి మీద నిలబడిపోయింది. అప్పుడు చూశారందరూ ఆవిడ రెండో కాలికి చెప్పు లేదని. పొద్దున టీచరమ్మ పూలకుండీల చరిత్ర చెబుతుండగా, కొత్త చెప్పు కరుస్తోందని ఆవిడ ఈ బెంచీ దాకా వచ్చి కూర్చుని విప్పింది. ఆయా పరుగెత్తుకురావడం చూసి అలాగే లేచి వచ్చేసింది. ఆ తరవాత కంగారులో తన కాళ్ళు తను చూసుకోలేదు.

"మరి ముగ్గురని ఎందుకన్నారు?" అంది ప్రిన్సిపాలమ్మ. గొంతులో కోపం ఉండాల్సిన చోట ఏదో తక్కువైంది.

"ఎప్పుడూ అలాగే అంటామండి."

"నేను ఎలా ఉంటారని అడిగినప్పుడైనా చెప్పొచ్చుగా?"

"మీరు అడిగారు కదండీ," అన్నాడు మేస్త్రి. తన తప్పంతా అందులోనే ఉన్నట్టు తల దించుకున్నాడు. "ఎవరూ అడగరండి."

ప్రిన్సిపాలమ్మ కొంతసేపు కొలను వంక చూసింది. తరవాత ఎవరో ఒకర్ని తిట్టకపోతే నిలబడలేననిపించి, తన మనుషుల వైపు తిరిగింది. "మీరంతా చూశామన్నారే! ఎవర్ని చూశారు?"

లైబ్రరీ ఆయన ఆకాశం పరీక్షించాడు. వార్డెనమ్మ వాచ్‌మన్ వెనక్కి జరిగింది. వంటాయన ఒక్కడే ధైర్యం చేశాడు. "కూర మాడిన మాట మాత్రం నిజమండీ."

ఎవరికి నవ్వొచ్చిందో గానీ ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాలమ్మే చెప్పులు విప్పి, బకెట్టు పట్టుకుని ముందుగా బురదలోకి దిగింది. ఆ చేపలు ఆవిడ పెంచుకున్నవి. వెనకాలే మేస్త్రి దిగాడు, అమ్మడు దిగింది, గరిట గట్టు మీద పెట్టి వంటాయన దిగాడు. లాయరుగారు దిగలేదు గానీ, "అదిగో అక్కడొకటి, ఇటొకటి," అని చివరిదాకా వేలు చూపించారు. చేపల్ని తొట్టిలోకి మార్చాక మేస్త్రి ట్యాంకు గొట్టం తిప్పి పెట్టి, కొలనులోకి మళ్ళీ నీళ్ళు వదిలాడు.

గేటు దగ్గర ప్రిన్సిపాలమ్మ, మోకాళ్ళ దాకా బురదతో, అమ్మడు తలమీద చెయ్యి వెయ్యబోయి, చేతికి కూడా బురదేనని చూసుకుని ఆగింది.

"తల్లిదండ్రులిద్దరూ ఆవరణ చూడాలని మా నియమం," అంది. "మీ అమ్మ ఇవాళ చూడని గది లేదు. ఆవిడ చూసినట్టే నేను లెక్క వేసుకుంటాను. ఇంక నువ్వు ఏమంటావో ఆలోచించుకుని చెప్పు."

బస్టాపులో నీడ లేదు. ఇద్దరూ బురద ఎండి తెల్లబడిన కాళ్ళతో నిలబడ్డారు. మేస్త్రి మనసు తేలిగ్గా ఉంది. ఇంత రభస అయ్యాక ఏ పిల్ల మాత్రం ఆ బడికి వస్తానంటుంది? ఆశపడినందుకు సిగ్గుపడ్డాడు కూడా. అయినా ఆశ పోలేదు.

"నచ్చలేదు కదూ?" అన్నాడు.

"అసలు నేను వద్దని చెబుదామనే వచ్చాను నాన్నా," అంది అమ్మడు. "నీతో ఆ మాట అంటే అమ్మ మాట తీసినట్టవుతుందని, వచ్చి చూసి, ఏదో ఒక వంక చెబుదామనుకున్నా."

మేస్త్రి గబుక్కున పిల్ల వైపు తిరిగాడు. "వద్దనా? ఎందుకూ?"

"నేనొస్తే నువ్వెలా ఉంటావు? పాలవాడికి కూడా ఊఁ అంటావు. అరలీటరో లీటరో వాడికెవరు చెబుతారు? ఏడాదిలో నువ్వు అమ్మ పేరు ఎత్తలేదు. అసలు నీకు గుర్తుందో లేదో కూడా నాకు తెలిసేది కాదు. నిన్నలా వదిలి ఎలా వచ్చేది?" రోడ్డు వంక చూస్తూ అంది. "ఇవాళ విన్నాగా. పాట మొదటి ముక్క సంగతి నేనే మర్చిపోయాను. నువ్వు మాట్లాడగలవు నాన్నా. నాకంటే బాగా చెప్పగలవు. ఇంక నేను చేరతా."

చేతికందిన పిల్ల జారిపోతోంది. ఆయన నోరు విప్పాడు.

"చేరతావా? ఆ పరుపు చూశావా, కాగితం మందం కూడా లేదు. వంటాయన కూర మాడుస్తాడు, పైగా ఆ మాట ఒప్పుకుంటాడు. పుస్తకాలాయన పడుకుని ఆలోచిస్తాడు. కిటికీ గడియ ఒకటి నేను బిగించాను, మిగతావెవరు బిగిస్తారు? చలికాలం గాలి నేరుగా కొలను మీంచి ఆ గదిలోకే కొడుతుంది. వాచ్‌మన్‌కి మోటారు వెయ్యడం రాదు. వార్డెనమ్మ ఉత్తి పుణ్యానికి అబద్ధాలాడుతుంది. లాయరుగారబ్బాయి కారులోంచి దిగని వాడు, వాడు నీ క్లాసులో కూర్చుని ఏం చదువుతాడు, నిన్నేం చదవనిస్తాడు? మన ఊళ్ళో బడికేం తక్కువ? నేను రోజూ సైకిలు మీద దించుతాను. పొద్దున కాఫీ నేనే పెడతాను, చేసుకోవడం చేతగాని వాణ్ణనుకున్నావా, మీ అమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు పెట్టింది నేను కాదూ..."

బస్సు వచ్చి ఆగింది. అమ్మడు మెట్టు మీద నిలబడి, చేతిలో గడ్డం ఆనించుకుని, అమ్మ చనిపోయాక ఇంత సంతోషంగా ఎప్పుడూ లేనట్టు తండ్రినే వింటోంది.

"ఎక్కుతారా మేస్త్రిగారూ, ఉపన్యాసం అయ్యాక రమ్మంటారా?" అన్నాడు డ్రైవరు.

మేస్త్రి ఎక్కాడు, మాట ఆపకుండానే. సీట్లో కూర్చుని కూడా ఆ బడి మీద ఇంకా చాలా లోపాలు, ఒకదాన్ని మించి ఒకటి, పక్కవాళ్ళకి కూడా అర్థమయ్యేలా వివరంగా చెప్పాడు. పిల్ల ఇంట్లోనే ఉండాలంటే తను నోరు మూసుకుంటే చాలునన్న సంగతి సగం దారి వచ్చేదాకా ఆయనకి తట్టలేదు.